డీజిల్ ట్రక్కు పార్టులు: ఎవరి మాట నిలబడుతుంది?

అమెరికాలో బరువులు లాగే పికప్ ట్రక్కుల ప్రపంచమంతా మూడు డీజిల్ ఇంజిన్ల చుట్టూ తిరుగుతుంది. 1989లో డాడ్జ్ బండిలోకి వచ్చి ఇప్పుడు ర్యామ్ పేరుతో నడుస్తున్న ట్రక్కుల్లో ఉండేది కమిన్స్. 1994లో ఫోర్డ్ తెచ్చింది పవర్ స్ట్రోక్. 2001 మోడల్‌తో షెవర్లే, జీఎంసీ బండ్లలో మొదలైంది డ్యూరమాక్స్. తొలి కమిన్స్ ఇచ్చింది 160 హార్స్‌పవర్. ఇవాళ షోరూములో దొరికే ఫోర్డ్ హై అవుట్‌పుట్ పవర్ స్ట్రోక్ 500 ఇస్తుంది. అయినా ఇంకాస్త బలం, ఇంకాస్త మైలేజీ, ఇంకొన్నేళ్ల ఆయుష్షు కావాలని యజమానులు వెతుకుతూనే ఉంటారు. ఆ వెతుకులాట మీద పెద్ద వ్యాపారం నిలబడింది. ట్యూనర్లు, పెద్ద టర్బోలు, ఇంజెక్టర్లు, లిఫ్ట్ పంపులు, ఎయిర్ ఫిల్టర్లు, హెడ్ స్టడ్‌లు, సీసాల్లో అమ్మే డీజిల్ అడిటివ్‌లు... ఏ పార్టు చూసినా దాన్ని మెచ్చుకునేవాళ్లు వందల్లో కనిపిస్తారు.

ఈ మెప్పులో ఎంత నమ్మాలి? చిన్న ప్రశ్నలా ఉంటుంది కానీ దీని వెనుక వేల డాలర్ల ఖర్చు, ఇంజిన్ ప్రాణం, ఒక్కోసారి చట్టం కూడా ఉన్నాయి. సెల్‌ఫోను కవరు బాగోలేకపోతే పారేస్తాం. ఇంజెక్టర్ బాగోలేకపోతే పిస్టన్ కరిగిపోవచ్చు. అందుకే ఈ రంగంలో రివ్యూ చదవడం సరదా వ్యవహారం కాదు. మార్కెట్లో దొరికే సాక్ష్యాలన్నిటినీ ఒక వరుసలో పెట్టి, ఏ సాక్షికి ఏం తెలిసే అవకాశం ఉంది, ఏం తెలిసే అవకాశం లేదు అని చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

నక్షత్రాల విలువ

అందరికంటే ముందు కంటపడేవి నక్షత్రాలు. అమ్మకం పేజీలో నాలుగున్నర నక్షత్రాలు కనిపిస్తే చాలు, సగంమంది అక్కడే నిర్ణయం తీసేసుకుంటారు. ఆ నక్షత్రాలు ఎలా తయారవుతాయో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసులు చూస్తే తెలుస్తుంది. 2022లో ఫ్యాషన్ నోవా అనే బట్టల కంపెనీ 42 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. నాలుగు నక్షత్రాలకంటే తక్కువ వచ్చిన రివ్యూలను తన సైట్లో కనిపించకుండా ఆపిందని దాని మీద ఆరోపణ. 2023లో విటమిన్లు అమ్మే బౌంటిఫుల్ కంపెనీ 6 లక్షల డాలర్ల చెల్లింపుకు ఒప్పుకుంది. కొత్త సరుకును పాత సరుకు పేజీతో కలిపేసి, పాతదాని మంచిపేరును కొత్తదానికి అంటగట్టిందన్నది ఆ కేసు. ఈ రెండూ ట్రక్కు పార్టుల కంపెనీలు కావు. కానీ నక్షత్రాలను మార్చే పద్ధతి ఏ సరుకుకైనా ఒకటే.

2024 ఆగస్టులో ఆ కమిషన్ నకిలీ రివ్యూల మీద ప్రత్యేక నిబంధన ప్రకటించింది. అక్టోబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. లేని మనిషి పేరుతో రాయించిన రివ్యూలు, పొగిడితేనే డబ్బిస్తామనే బేరాలు, కంపెనీ ఉద్యోగులు తమ సంబంధం దాచి రాసే మెప్పులు, స్వతంత్రంగా కనిపిస్తూ లోపల కంపెనీయే నడిపే రివ్యూ సైట్లు, ఇవన్నీ ఇప్పుడు జరిమానా పడగల ఉల్లంఘనలు. కంప్యూటర్ ప్రోగ్రాములతో పుట్టించే రివ్యూలకూ ఇది వర్తిస్తుంది.

చట్టం వచ్చినంత మాత్రాన నక్షత్రాలు సాక్ష్యం అయిపోవు. నకిలీవి పూర్తిగా తీసేసినా ఒక లోపం మిగులుతుంది. రివ్యూ రాయమని అడిగేది పార్టు ఇంటికొచ్చిన వారం రోజులకు. "పెట్టె బాగా వచ్చింది, బిగించడం తేలిక, బండి దూసుకుపోతోంది" అని ఆ వారంలో రాసేవాడు అబద్ధం చెప్పడం లేదు. కానీ టర్బో బేరింగు సంగతి, పంపు సంగతి బయటపడేది యాభై వేల మైళ్ల తర్వాత. ఆ రోజున తిరిగొచ్చి పాత రివ్యూ సవరించేవాళ్లు చాలా తక్కువ. కాబట్టి నక్షత్రాలు చెప్పగలిగేది ప్యాకింగు గురించి, డెలివరీ గురించి, బోల్టు రంధ్రాలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నదాని గురించి. అంతవరకు వాటిని నమ్మవచ్చు.

నిజాయితీగా చెప్పిన తప్పు

డబ్బు తీసుకోని, ఎవరికీ మొహమాటపడని యజమాని మాటకు ఎక్కువ విలువ ఉంటుందని మనందరి నమ్మకం. అతని నిజాయితీని శంకించనక్కర్లేదు. అయితే అతను చూసింది ఏమిటో అడగాలి. డీజిల్ బండి విషయంలో నిజాయితీపరుడిని కూడా తప్పుదారి పట్టించేవి మూడున్నాయి.

మొదటిది డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ. బండి కంప్యూటరు డీజిల్‌ను నేరుగా కొలవదు. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుంది, ఆ సమయంలో ఎంత ఇంధనం పడాలి అన్న లెక్క మీద అంచనా కడుతుంది. ఆ లెక్క కంపెనీ ఇంజెక్టర్‌కు రాసింది. యజమాని పెద్ద రంధ్రాల ఇంజెక్టర్లు బిగిస్తే అదే సమయంలో ఎక్కువ డీజిల్ పడుతుంది, కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. అది పాత లెక్కే వేసి, బండి తక్కువ తాగినట్టు చూపిస్తుంది. "ఇంజెక్టర్లు మార్చాక మైలేజీ పెరిగింది, తెర మీద కళ్లారా చూశాను" అని యజమాని రాస్తాడు. తను చూసింది నిజమే, తెర చెప్పింది తప్పు. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించే దాకా నడిచిన మైళ్లను పోసిన గ్యాలన్లతో భాగించిన లెక్కకే విలువ. అదీ ఒక ట్యాంకుకు కాదు, వరసగా చాలా ట్యాంకులకు.

రెండోది యాక్సిలరేటర్ స్పందన. పెడల్‌కు తగిలించే చిన్న పెట్టెలు కొన్ని అమ్ముతారు. అవి ఇంజిన్ బలాన్ని రవ్వంత కూడా పెంచవు. పెడల్‌ను పావువంతు నొక్కితే సగం నొక్కినట్టు కంప్యూటరుకు చెబుతాయి. బండి ఉరికినట్టు అనిపిస్తుంది. పూర్తిగా నొక్కితే ముందున్న బలమే ఉంటుంది. "సీట్లో కూర్చుంటే తేడా తెలుస్తోంది" అనే రివ్యూలకు ఇదే కారణం కావచ్చు.

మూడోది రుతువు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం డీజిల్ వేరుగా ఉంటుంది. చలికి గడ్డకట్టకుండా తేలికపాటి డీజిల్ కలుపుతారు. అందులో గ్యాలనుకు శక్తి తక్కువ. పైగా చలిలో ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువసేపు నడుపుతారు. ఫిబ్రవరిలో మైలేజీ చూసి, మార్చిలో పార్టు బిగించి, మే నెలలో మళ్లీ చూసినవాడికి మైలేజీ పెరిగే ఉంటుంది. పార్టు బిగించకపోయినా పెరిగేదే.

అందుకే అలాంటి రివ్యూ చదివేటప్పుడు మనిషి మంచివాడా అని చూసి ఊరుకోకూడదు. దేనితో కొలిచాడు, ఎప్పుడు కొలిచాడు అన్నది చూడాలి.

డైనో కాగితం

మరో మెట్టు పైన ఉండేది డైనో రిపోర్టు. చక్రాలను రోలర్ల మీద తిప్పి హార్స్‌పవర్, టార్క్ కొలిచి గీసిన గీత అది. అంకె కనబడగానే వాదన ముగిసిపోయిందనుకుంటారు. కానీ ఆ అంకె వెనుక ఒక సవరణ ఉంటుంది. గాలి వేడిగా ఉన్నా పలచగా ఉన్నా ఇంజిన్ బలం మారుతుంది గనక, వచ్చిన ఫలితాన్ని ఒక ప్రామాణిక వాతావరణానికి మార్చి చూపిస్తారు. వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ రూపొందించిన జె1349 ప్రమాణం 25 డిగ్రీల సెల్సియస్‌ను, 99 కిలోపాస్కల్ పొడిగాలి పీడనాన్ని ఆధారంగా తీసుకుంటుంది. పాత పద్ధతి అయిన "స్టాండర్డ్" సవరణ 15.5 డిగ్రీల చల్లటి గాలిని ఊహిస్తుంది. ఒకే బండి, ఒకే పరుగు, సవరణ మార్చితే చాలు, అంకె దాదాపు 4 శాతం పెరుగుతుంది. 500 హార్స్‌పవర్ బండికి అది 20 హార్స్‌పవర్. కొన్ని పార్టులు ఇస్తామని చెప్పుకునే మొత్తం లాభం కూడా అంతే.

టర్బో డీజిల్‌కు ఇంకో చిక్కుంది. డెన్వర్ లాంటి మైలు ఎత్తు నగరంలో గాలి పలచన. టర్బో లేని ఇంజిన్ అక్కడ నిజంగానే నీరసపడుతుంది కాబట్టి సవరణ న్యాయం. టర్బో ఉన్న ఇంజిన్ ఆ పలచనను చాలావరకు తానే పూడ్చుకుంటుంది. దాని ఫలితాన్ని కూడా అదే గుణకంతో హెచ్చిస్తే పోగొట్టుకోని బలాన్ని తిరిగి ఇచ్చినట్టవుతుంది. ఎత్తు ప్రాంతాల్లో తీసిన గొప్ప డైనో అంకెల్లో కొన్నింటి మూలం ఇదే.

రోలర్ల రకాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. బరువైన రోలర్‌ను వేగంగా తిప్పించి లెక్కకట్టే యంత్రం ఒక అంకె చూపితే, రోలర్‌కు లోడు పెట్టి కొలిచే యంత్రం తరచు తక్కువ అంకె చూపుతుంది. ఇంతకీ డైనో కాగితాన్ని ఎలా వాడుకోవాలి? ఒకే యంత్రం మీద, ఒకే రోజున, ఒకే సవరణతో, పార్టు బిగించకముందు ఒకటి, బిగించాక ఒకటి, రెండూ పక్కపక్కన పెడితే ఆ తేడాను నమ్మవచ్చు. ఒక్కటే కాగితం చూపించి "ఇంత వచ్చింది" అంటే దాన్ని ప్రకటనగా చదవాలి.

వీడియోలు, షెడ్లు

వీడియోలు చేసేవాళ్లలో శ్రద్ధగా పనిచేసేవాళ్లు ఉన్నారు. ఇంజిన్ విప్పి, అరిగిన చోట్లు చూపించి, ఒకే పార్టులో నాలుగు కంపెనీల సరుకు కోసి పక్కపక్కన పెట్టేవాళ్ల దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. పార్టు కంపెనీ ఉచితంగా ఇచ్చిందా, వీడియో కింద ఉన్న లింకు నుంచి కొంటే వాటా వస్తుందా అన్నది వాళ్లు చెప్పాలి. అలా చెప్పాలని ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలూ అడుగుతాయి. చెప్పినవాళ్ల మాట తీసిపారేయనక్కర్లేదు. కానీ ఉచితంగా పార్టులు అందుకునే మనిషి ఎన్నడైనా ఒక పార్టును బాగోలేదన్నాడా అని పాత వీడియోలు తిరగేయాలి. ఒక్కటి కూడా దొరక్కపోతే అతని మెప్పుకు బరువు లేదు.

డీజిల్ షెడ్డు నడిపే మెకానిక్ స్థానం ప్రత్యేకమైనది. అతనికీ సరుకు మీద మార్జిన్ ఉంటుంది, ఆ సంగతి మరచిపోకూడదు. అయినా మిగతా ఎవరికీ లేని అవకాశం ఒకటి అతనికుంది. విరిగినవి, కాలినవి, కరిగినవి అతని ముందుకే వస్తాయి. అందుకే అతన్ని "ఏది మంచిది?" అని అడగడం కంటే "ఏవి మళ్లీ మళ్లీ రిపేరుకు వస్తున్నాయి?" అని అడగడం మేలు. మొదటి ప్రశ్నకు అమ్మేవాడి జవాబు వస్తుంది, రెండోదానికి పనివాడి జవాబు వస్తుంది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మన పెద్దలు మధ్యవర్తి చెప్పింది విని ఊరుకోకుండా ఇరుగుపొరుగును విచారిస్తారు కదా, ఇక్కడా అంతే.

మంచి మెకానిక్ దగ్గర దొరికే ఇంకో విలువైన సంగతి కారణం. 2003 నుంచి 2007 దాకా ఫోర్డ్ పికప్‌లలో వచ్చిన 6.0 లీటర్ పవర్ స్ట్రోక్‌ను తీసుకుందాం. హెడ్ గాస్కెట్లు పోవడానికి ఆ ఇంజిన్ పేరుమోసింది. బలమైన హెడ్ స్టడ్‌లు బిగించగానే రోగం కుదిరిందని రాసిన రివ్యూలకు లెక్కలేదు. స్టడ్‌లు మంచివే. కానీ చాలా బండ్లలో కథ ఆయిల్ కూలర్‌తో మొదలయ్యేది. అది పూడుకుపోతే దాని తర్వాత ఉన్న, ఇంజిన్లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్‌కు నీళ్లు సరిగ్గా అందవు. ఆ కూలర్ వేడికి పగులుతుంది. నీళ్లు ఇంజిన్లోకి చేరి ఆవిరై ఒత్తిడి పెంచుతాయి. ఆఖరున గాస్కెట్ పోతుంది. ఆయిల్ కూలర్ సంగతి చూడకుండా స్టడ్‌లు మాత్రమే బిగించినవాడికి పగిలే కూలర్ అలాగే మిగిలి ఉంటుంది. ఏ పార్టు ఏ రోగానికి మందో చెప్పని రివ్యూ, ఎన్ని నక్షత్రాలు ఇచ్చినా, సగం రివ్యూయే.

నోరు విప్పలేని సాక్షులు

ఇప్పటిదాకా చెప్పింది మాట్లాడేవాళ్ల గురించి. మాట్లాడనివాళ్ల సంఖ్య ఇంకా ముఖ్యం. ఇంజిన్ పోయినవాడు బండి అమ్మేసి వేరే బండి కొంటాడు. తన ట్రక్కు గురించి రాయడం ఆపేస్తాడు. లక్ష మైళ్లు తిప్పినా ఏమీ కాలేదని రాసేవాడు కనిపిస్తాడు. ముప్పై వేల మైళ్లకే చేతులెత్తేసినవాడు కనిపించడు. మిగిలినవాళ్ల మాటలే వింటే పార్టు ఉన్నదానికంటే గట్టిదిగా తోస్తుంది.

డీజిల్ రంగంలో ఈ మౌనానికి చట్టం కూడా ఒక కారణం. పొగలోని విషాన్ని వడకట్టే పరికరాలను పీకేసి, వాటి అవసరం లేకుండా ఇంజిన్ కంప్యూటరును మార్చేయడాన్ని అక్కడివాళ్లు "డిలీట్" అంటారు. అమెరికా స్వచ్ఛమైన గాలి చట్టం ప్రకారం అది నిషిద్ధం. పెట్టె మీద "రోడ్డు మీద వాడరాదు" అని చిన్న అక్షరాల్లో అచ్చువేస్తే ఆ నిషేధం పోదు. ఆ దేశ పర్యావరణ సంస్థ ఈపీఏ 2020 నవంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం, అంతకుముందు పదేళ్లలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల నుంచి ఈ పరికరాలు తీసేశారు. ఆ శ్రేణి బండ్లలో అది దాదాపు 15 శాతం. ఆ బండ్లు తమ జీవితకాలంలో అదనంగా వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులని అంచనా.

పెద్ద కంపెనీలు కూడా దీనికి అతీతం కాలేదు. ర్యామ్ ట్రక్కుల ఇంజిన్లలో పరీక్షను మోసగించే సాఫ్ట్‌వేర్ పెట్టారన్న కేసులో కమిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. 2023 డిసెంబరులో ఆ ఒప్పందాన్ని ప్రకటించారు. ఆ చట్టం కింద అంతకంటే పెద్ద సివిల్ జరిమానా అప్పటికి లేదు.

దీనికీ రివ్యూల నమ్మకానికీ సంబంధం ఏమిటి? చట్టవిరుద్ధమైన సరుకు కొన్నవాడు అది చెడిపోతే ఫిర్యాదు చేయలేడు. వారంటీ అడగలేడు. అడిగితే డీలరు కంప్యూటరులో మార్పు జాడ పట్టుకుంటాడు. వేరే కంపెనీ పార్టు వాడారన్న ఒక్క సాకుతో వారంటీ రద్దు చేయడాన్ని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. కానీ ఆ పార్టు వల్లే ఇంజిన్ చెడిందని తేలితే ఆ రక్షణ పనిచేయదు. ఫలితంగా డిలీట్ సరుకు గురించి బయటికి వినబడేది మెప్పు మాత్రమే, నష్టపోయినవాడి గొంతు వినబడదు. ఆ ఒక్క కారణం చాలు, ఆ సరుకు మీద వచ్చే ఏ రివ్యూనూ లెక్కలోకి తీసుకోకుండా ఉండటానికి. ఆ పొగ పీల్చే పిల్లల సంగతి అంతకంటే పెద్ద కారణం. చట్టబద్ధమైన పార్టు కావాలనుకునేవాళ్లకు ఒక గుర్తుంది. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి, పరీక్షించి ఒప్పుకున్న పార్టుకు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య పార్టు పేజీ మీద ఉందో లేదో, మీ బండి మోడల్ సంవత్సరానికి అది వర్తిస్తుందో లేదో చూసుకోవచ్చు.

కొలిచి చూపినవాళ్లు

ఇంత అయోమయంలో గట్టి నేల ఎక్కడుంది? కొలిచినవాళ్ల దగ్గర ఉంది. ఇందులో మనసుకు హత్తుకునే ఉదాహరణ ఒక మామూలు డ్యూరమాక్స్ యజమానిది. నూనె పూసిన గుడ్డ ఎయిర్ ఫిల్టర్ మేలా, కాగితం ఫిల్టర్ మేలా అన్న వాదనతో విసిగి, తన ఇంజిన్‌కు సరిపోయే పలు ఫిల్టర్లను ఐఎస్‌ఓ 5011 ప్రమాణం ప్రకారం ప్రయోగ యంత్రం మీద పరీక్షింపజేశాడు. కంపెనీ కాగితం ఫిల్టర్ ధూళిలో 99.93 శాతం ఆపింది. నూనె గుడ్డ ఫిల్టర్లలో పేరున్న ఒకటి 96.8 శాతం ఆపింది. మూడు శాతమే తేడా అని తోస్తుంది. దాటిపోయినదాన్ని లెక్కించండి. నూరు గ్రాముల ధూళికి మొదటిదాంట్లో 0.07 గ్రాము లోపలికి పోతే, రెండోదాంట్లో 3.2 గ్రాములు పోయింది. ఇంచుమించు 46 రెట్లు. గుడ్డ ఫిల్టర్‌లో గాలి స్వేచ్ఛగా పోతుందని పొగిడిన వేల రివ్యూల్లో ఈ సంగతి ఎవరికీ తెలిసే వీలు లేదు, ఎందుకంటే ధూళి కంటికి కనిపించదు. ఆ పరీక్ష ఇంజిన్ ఆయుష్షు ఎన్ని మైళ్లు తగ్గుతుందో చెప్పలేదు, చెప్పినట్టు నటించనూ లేదు. దాని గౌరవం అందులోనే ఉంది.

అదే మనిషి చొరవతో 2007లో డీజిల్ అడిటివ్‌ల పరీక్ష కూడా జరిగింది. డీజిల్‌కు కందెన గుణం తక్కువైతే పంపు అరుగుతుంది. ఒక ఉక్కు గుండును ఆ ఇంధనంలో రుద్ది, పడిన గీతను మైక్రాన్లలో కొలుస్తారు. గీత చిన్నదైతే ఇంధనం మంచిది. ఏమీ కలపని డీజిల్‌లో 636 మైక్రాన్ల గీత పడింది. అమెరికా ప్రమాణం అనుమతించేది 520. రెండు శాతం సోయా బయోడీజిల్ కలిపితే అది 221కి దిగింది. దుకాణాల్లో బాగా అమ్ముడయ్యే కొన్ని సీసాలు స్వల్పంగా ఉపయోగపడ్డాయి. కొన్నింటితో గీత ఇంకా పెద్దదైంది. సీసా మీది బొమ్మకూ లోపలి పనికీ ఉన్న దూరం ఇలా కొలిస్తే తప్ప బయటపడదు.

పెద్ద లారీల యజమానులు ఈ దారిని ముందే తొక్కారు. 2012లో తిరగరాసిన ఎస్‌ఏఈ జె1321 పద్ధతిలో రెండు లారీలు ఒకే దారిలో వెళ్తాయి. ఒకదానికి పార్టు బిగిస్తారు, రెండోదాన్ని ముట్టుకోరు. వాడిన ఇంధనాన్ని తూచి, రెండింటి నిష్పత్తి ఎలా మారిందో చూస్తారు. గాలి, ఎండ, ట్రాఫిక్ రెండింటికీ సమానం కాబట్టి రుతువు చేసే మోసం ఇక్కడ సాగదు. ఉత్తర అమెరికా సరకు రవాణా సామర్థ్య మండలి 2017లో ఏడు లారీలను నిజమైన సరకుతో రోడ్డెక్కించి, గ్యాలనుకు సగటున 10.1 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 4.3 కిలోమీటర్లు సాధించి చూపింది. ఏ ఒక్క మాయపెట్టెతోనూ అది రాలేదు. గాలిని చీల్చే ఆకారం, టైర్లు, గేర్ల అమరిక, డ్రైవరు నైపుణ్యం కలిస్తే వచ్చింది.

ఇంధనం ఆదా చేస్తామనే పరికరాల గురించి ఈపీఏ అనుభవం కూడా చెప్పుకోవాలి. నూరుకు పైగా పరికరాలను ఆ సంస్థ పరిశీలిస్తే స్వల్పంగానైనా ఉపయోగపడినవి కొన్నే. అలాంటి పరికరాలకు కూడా మెచ్చుకునే వినియోగదారులు ఉంటారు.

సాక్ష్యాలు ఒకచోట కలిసినప్పుడు

ఏ ఒక్క సాక్షీ పూర్తి కాదు. భిన్నమైన సాక్షులు విడివిడిగా ఒకే మాట చెప్పినప్పుడు మాత్రం నమ్మకం గట్టిపడుతుంది. బాష్ సీపీ4 అధిక పీడన పంపు చరిత్ర ఇందుకు మంచి పాఠం. 2011 నుంచి ఫోర్డ్, జీఎం డీజిల్ పికప్‌లలో వచ్చిన ఈ పంపు లోపల అరిగి, ఇనుప రజను ఇంధన వ్యవస్థంతటా చిమ్మి, ఇంజెక్టర్లతో సహా నాశనం చేస్తోందని యజమానులు చెబుతూ వచ్చారు. మెకానిక్‌లు విప్పిన పంపుల్లో అదే రజను చూశారు. కారణం కూడా కనిపించింది. యూరప్ ప్రమాణం 460 మైక్రాన్ల గీతకు మించి ఒప్పుకోదు, అమెరికా 520 దాకా ఒప్పుకుంటుంది. అంటే కందెన గుణం తక్కువైన డీజిల్‌తో ఈ పంపు బతకాలి. జీఎం 2017 మోడల్‌కు డెన్సో పంపుకు మారింది. 2019, 2020 ర్యామ్ ట్రక్కుల్లో సీపీ4 వస్తే, 2021లో 2 లక్షల 20 వేలకు పైగా బండ్లను వెనక్కి పిలిచి పాత సీపీ3 పంపు బిగించారు.

యజమాని మాట, మెకానిక్ బల్ల మీది పార్టు, ప్రయోగశాల అంకె, చివరకు కంపెనీయే తీసుకున్న చర్య, నాలుగూ ఒకటే చెప్పాయి. ఇప్పుడు సీపీ4 నుంచి ఇంజెక్టర్లను కాపాడుతుందని అమ్మే కిట్ గురించి చదివేవాడికి ఒక ఆధారం ఉంది. రోగం నిజమని తెలుసు, కిట్ ఏ దారిలో రజనును మళ్లిస్తుందో అడగవచ్చు. రీకాల్ వివరాలు, యజమానుల ఫిర్యాదులు, కంపెనీ డీలర్లకు పంపే సాంకేతిక సూచనలు అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ దగ్గర ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఏ పార్టైనా కొనేముందు మీ మోడల్ మీద అక్కడ ఏముందో చదవడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త.

మన దగ్గర

మన రాష్ట్రాల్లో ఈ ప్రశ్న ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. డీజిల్ ఎస్‌యూవీలకు ట్యూనింగ్ పెట్టెలు బిగించే షెడ్లు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కనిపిస్తున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలోనూ పొగ వడపోత పరికరాలు ఉన్నాయి, వాటిని తీసేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. రివ్యూల విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 పేరుతో ఒక ప్రమాణం తెచ్చింది. రివ్యూ రాసేది అసలు మనిషేనా అని సరిచూడాలని, చెడ్డ రివ్యూలను అణచకూడదని అది చెబుతుంది. అయితే అది స్వచ్ఛంద ప్రమాణంగానే వచ్చింది. అందువల్ల ఇక్కడి కొనుగోలుదారుకు అమెరికా కొనుగోలుదారు కంటే రక్షణ తక్కువ, జాగ్రత్త ఎక్కువ కావాలి.

తీర్పు

మొత్తం చూశాక నా నిర్ధారణ ఇది. డీజిల్ పార్టుల విషయంలో మంచి మనిషి రాసిందీ చెడ్డ రివ్యూ కావచ్చు. రివ్యూకు విలువ తెచ్చేవి ఐదు వివరాలు: ఏ సంవత్సరం బండి, పార్టు బిగించాక ఎన్ని మైళ్లు, ఎంత బరువు లాగుతూ, దేనితో ఎలా కొలిచారు, పార్టుకు డబ్బు ఎవరిచ్చారు. ఐదూ ఉన్న ఒక్క రివ్యూ, ఏవీ లేని అయిదు వందల రివ్యూల కంటే ఎక్కువ చెబుతుంది. పార్టు చెడిపోయినప్పుడు కంపెనీ ఎలా స్పందించిందో రాసినది దొరికితే దాన్ని అన్నిటికంటే ముందు చదవాలి.

చదివేవాళ్లలో చాలామంది రాసేవాళ్లు కూడా. మీరు ఏ పార్టు గురించి రాసినా ఆ ఐదు వివరాలు చేర్చండి. ఏడాది గడిచాక మళ్లీ వెళ్లి, ఏం జరిగిందో కింద ఒక్క పంక్తి రాయండి. పార్టు పోయి, బండి అమ్మేశారా? అయినా రాయండి. రేపు ఆ పార్టు కొనబోయేవాడికి మీ ఆ ఒక్క పంక్తి లేకపోవడమే ఇప్పుడున్న పెద్ద లోటు.